శతజయంతి సంచికలో మా బైబిలమ్మ పేరు ఏమని వెయ్యాలి?

సంచిక_తంటాలు (సోమవారం, రాత్రి 10.40)

అందరికీ వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె, బాప్టిస్టు సంఘం. వచ్చే ఫిబ్రవరికి గుడి కట్టి నూరేళ్లు నిండుతాయి. సంచిక వేస్తున్నారు. "నీకు కంప్యూటర్లో తెలుగు కొట్టడం వచ్చుగా అమ్మాయ్" అని ఆ పని నా నెత్తిన పెట్టారు.

పాస్టర్ల జాబితా అయిపోయింది. పద్నాలుగు మంది. అందరి ఫొటోలూ దొరికాయి. ఒకాయన ఫొటో ఎక్కడా లేకపోతే, మనవడి పెళ్లి ఆల్బంలో వెనక గోడకి వేలాడుతున్న పటాన్ని ఫోనుతో తీసి శుభ్రం చేసి పెట్టాం. ఎవరు ఏ ఏడాది వచ్చారు, ఎప్పుడు బదిలీ అయ్యారు, పెంకులు ఎవరి హయాంలో, గంట ఎవరి హయాంలో, అన్నీ ఉన్నాయి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా ఊళ్లో ఎనభై దాటిన ముసలమ్మలు ఎవర్ని కదిపినా "మాకు ప్రార్థన నేర్పింది బైబిలమ్మ" అంటున్నారు. ఆ రోజుల్లో పాస్టరుగారు పది ఊళ్లు తిరగాలి, నెలకోసారి వస్తే గొప్ప. ఊళ్లో కాపురముండి పిల్లలకి పాటలు నేర్పింది, కాన్పులప్పుడు పక్కన కూర్చుంది, ఎవరైనా పోతే ఆడవాళ్లకి స్నానం చేయించింది ఆవిడే. "పేరేంటి మామ్మా?" అంటే ఒక్కరికీ తెలీదు. "బైబిలమ్మేనే. పేరు పెట్టి పిలుస్తామా ఏంటి?" అని నన్నే కసిరారు. పాత లెక్కల పుస్తకంలో "బై. స్త్రీ" అని ఉంది (బైబిలు స్త్రీ, అంటే ఇళ్లకెళ్లి ఆడవాళ్లకి బోధించే ఆవిడ), ఎదురుగా నెల జీతం ఉంది, సంతకం ఉండాల్సిన చోట చెదలు తినేసింది.

కార్యదర్శిగారు "బైబిలమ్మగారు అని వేసెయ్యమ్మా, అందరికీ తెలుసు" అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. ఇలాంటివి వెతికినవాళ్లు ఎక్కడ చూడాలో చెప్పండి.

కొండకింద ఇల్లు (సోమవారం, రాత్రి 11.15)

మంచి పని పెట్టుకున్నావమ్మా. నేను రిటైర్డు టీచర్ని, ఒంగోలు. మా సంఘానికి ఇలాంటిదే ఒకటి చేశాను.

బాప్తిస్మపు రిజిస్టరు చూడు, కానీ పేర్ల వరుస కాదు, చివర్లో రిమార్కుల గడి. "ఫలానా వారి బోధ వలన" అని కొందరు బోధకులు రాసేవారు. పెళ్లి రిజిస్టర్లో సాక్షుల సంతకాలు చూడు. చదువొచ్చిన ఆడమనిషి ఊరికి ఒక్కతే ఉన్న కాలంలో, ఆడ సాక్షి సంతకం కనపడిందంటే తొంభై పాళ్లు ఆవిడదే. మిషను వార్షిక నివేదికల్లో బైబిలు స్త్రీల పేర్లు ఉంటాయి గానీ ఒట్టి పేరు తప్ప ఇంటి పేరుండదు, ఊరుండదు. ఇంకో సంగతి. చాలామంది బోధకుల భార్యలు, లేకపోతే వాళ్ల వితంతువులు. 1872లో రామాయపట్నంలో సెమినరీ పెట్టినప్పుడు భర్తలతో పాటు భార్యల్నీ కూర్చోబెట్టి చదువు చెప్పారు. భర్త పేరు దొరికితే భార్య తీగ దొరుకుతుంది.

ఎలాగూ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా ఒంగోలు ప్రార్థన కొండ సంగతి మీ అందరికీ తెలుసు. 1854 జనవరి 1, తెల్లవారకముందే అయిదుగురు ఎక్కారు. అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య యుఫేమియా, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు బోధకుడు, జూలియా, రూతు. వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఆ కొండ కిందే ఉన్నా. "జ్యూయెట్ దొర ప్రార్థించాడు" అన్న ప్రసంగం ఎన్ని సార్లు విన్నానో లెక్కలేదు. రూతు ప్రార్థించింది అని ఒక్కసారి కూడా వినలేదు.

పుల్పిట్_పక్క_కుర్చీ (మంగళవారం, ఉదయం 6.05)

వందనాలు. చిన్నవాళ్లు ఉత్సాహంగా చేస్తున్నారు, సంతోషం. కానీ ఒక మాట. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్నారు ప్రభువు. ఆ తల్లులు పేరు కోసం చెయ్యలేదు. చెప్పుకోకుండా చేశారు కాబట్టే అది సేవ అయింది. ఇప్పుడు మనం పేర్లు తవ్వి, ఫొటోలు వేసి, శాలువాలు కప్పితే వాళ్లు సంతోషిస్తారంటారా? నలభై ఏళ్లుగా సంఘపెద్దగా ఉన్నాను. ఈ సంచికల వల్ల వచ్చే గొడవలు నేను చూశాను. ఎవరి తాత ఫొటో పెద్దది, ఎవరిది చిన్నది అని సంఘాలు చీలిపోయాయి.

అమ్మగారి కూతురు (మంగళవారం, ఉదయం 9.30)

పెద్దాయనా, మీ మాటకి ఎదురు చెప్తున్నాననుకోకండి. కానీ ఎడమచేతికి తెలియకూడదు అన్నది చేసిన కుడిచెయ్యికి చెప్పిన మాట. తీసుకున్నవాళ్లకి చెప్పిన మాట కాదు కదండీ?

మా నాన్నగారు పాస్టరు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు, ఏడు ఊళ్లు. ఏ సంఘం, ఏ ఊరు అన్నది రాయను, అక్కడివాళ్లు ఇంకా ఉన్నారు. మా ఇంట్లో ఒక మాట ఉండేది: "ఒక జీతం, ఇద్దరు పనివాళ్లు."

శనివారం సాయంత్రం అమ్మ ఎండుద్రాక్ష నానబెట్టేది. రాత్రి మరిగించి, పల్చటి గుడ్డలో పిండి, చల్లారాక సీసాలో పోసేది. నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారానికి అదే ద్రాక్షారసం. బల్ల మీద పరిచే తెల్లగుడ్డకి గంజి పెట్టి, మడత నలగకుండా ఇస్త్రీ. చిన్న గ్లాసులు నూట ఇరవై. అన్నీ తనే కడగాలి, వేరేవాళ్లకి ఇస్తే పగులుతాయని భయం. ఆదివారం పొద్దున సండే స్కూలు, తర్వాత ఆరాధనలో పాట ఎత్తుకోవడం. హార్మోనియం వాయించే అబ్బాయి రాకపోతే శ్రుతి కూడా తనే. కూటం అయ్యాక, బయటి ఊరినుంచి ఎవరైనా ప్రసంగీకులు వస్తే మధ్యాహ్నం కోడికూర. వచ్చేది ఒక్కరని చెప్తారు, దిగేది నలుగురు. బుధవారం స్త్రీల కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. మధ్యలో ఎవరింట్లో మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా అర్ధరాత్రి మా తలుపే తట్టేవాళ్లు. నాన్న మగాడితో వరండాలో మాట్లాడేవారు, అమ్మ ఆ ఆడమనిషిని వంటింట్లోకి తీసుకెళ్లి ముందు అన్నం పెట్టేది. అసలు సంగతి వంటింట్లోనే బయటపడేది.

బదిలీ అయినప్పుడల్లా వీడ్కోలు సభ. నాన్నకి శాలువా, ఒకసారి ఉంగరం. అమ్మకి చీర. ఆ చీర కూడా స్త్రీల సమాజం వాళ్లు చందాలేసుకుని కొన్నది. మైకులో మాత్రం "అయ్యగారి వెనక అమ్మగారు" అనేవారు. ఏడు ఊళ్లలోనూ అదే మాట, అచ్చు గుద్దినట్టు.

నాన్న సర్వీసులో ఉండగానే పోయారు. పార్సొనేజీ, అంటే పాస్టరుకి సంఘం ఇచ్చే ఇల్లు, ఖాళీ చెయ్యమని చెప్పడానికి వచ్చినవాళ్లు మర్యాదగానే వచ్చారు, కుర్చీలో కూర్చుని కాఫీ కూడా తాగారు. కొత్త పాస్టరుగారు వస్తున్నారు కదమ్మా అన్నారు. నిజమే, ఆయనకీ ఇల్లు కావాలి. ఆయన భార్యకీ కావాలి, రేప్పొద్దున ఆవిడ పరిస్థితీ ఇదే. నాకు అప్పుడు పదహారేళ్లు. అమ్మ కుట్టుమిషను, రెండు ట్రంకుపెట్టెలు, గంగాళం, అంతే మా సామాను. ముప్ఫై ఒక్కేళ్లు చేసిన పనికి ఏ కాగితం మీదా అమ్మ పేరు లేదు. పింఛనుకి దరఖాస్తు పెడదామంటే ఏమని పెట్టాలి? ఆ కుట్టుమిషనే మమ్మల్ని చదివించింది.

సంచికలో మా నాన్న ఫొటో ఉంటుంది. ఉండాలి కూడా. పక్కన మా అమ్మ పేరు కావాలనడం గొడవా అండీ?

వలస_కొంగ (మంగళవారం, ఉదయం 9.52)

అక్కా, చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. డల్లాస్‌లో మా తెలుగు చర్చి వెబ్‌సైట్లో పాస్టర్‌గారి పేరు, డిగ్రీలు, ఫొటో ఉన్నాయి. ఫొటో కింద "అండ్ ఫ్యామిలీ". పాట్‌లక్‌కి గిన్నెలు మోసేది, సండే స్కూల్ నడిపేది, కొత్తగా వచ్చిన స్టూడెంట్స్‌ని ఎయిర్‌పోర్ట్ నుంచి తెచ్చేది ఆ ఫ్యామిలీయే.

అరుగు_కబుర్లు (మంగళవారం, మధ్యాహ్నం 12.20)

నేను క్రైస్తవుణ్ణి కాను, పాత ఊళ్ల చరిత్ర కోసం ఈ వేదికకి వస్తుంటాను. గుంటూరు. అయినా నాకూ ఒక బైబిలమ్మ బాకీ ఉంది, చెప్పేస్తాను.

మా నాయనమ్మ అరండల్‌పేటలో పెరిగింది. ఎనిమిదేళ్లకే పెళ్లి, బడి లేదు. గడప దాటని ఇళ్లకి మిషను నుంచి ఒకావిడ తెల్లచీర కట్టుకుని, గొడుగు వేసుకుని వచ్చేదట. దొడ్డిగుమ్మంలోంచి రావాలి, వసారాలో పీట వేస్తే కూర్చోవాలి, ఆవిడ వెళ్లాక పీట కడిగేవాళ్లు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా వారానికి రెండు సార్లు వచ్చి మా నాయనమ్మకి పలక మీద అక్షరాలు దిద్దించింది. యేసు కథలు కూడా చెప్పింది. మా నాయనమ్మ మతం మారలేదు, భాగవతం చదువుకుంది. కానీ చదవగలిగింది ఆవిడ వల్లే. "ఆ పీట కడిగింది నేనేరా" అని పోయేముందు చెప్పుకుని ఏడ్చింది. పేరు అడిగాను. "మిషనమ్మ" అంది.

మా నాన్న పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. గుంటూరువాళ్లకి ఆ పేరు ఆటోస్టాండు పేరంత మామూలు. ఆనా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చినప్పటికే డాక్టరు. కానీ ఆమెని పంపిన లూథరన్ మిషను వైద్యం కోసం పంపలేదు, ఇళ్లకెళ్లి ఆడవాళ్లకి చదువు చెప్పడానికి పంపింది. రోగులు ఊరుకుంటారా? వెతుక్కుంటూ వచ్చారు. చివరికి మిషనే దారికొచ్చింది. ఆసుపత్రి 1898లో తెరిచారు. ఆవిడ గుంటూరులోనే 1930లో పోయింది.

మరియమాత_వీధి (మంగళవారం, మధ్యాహ్నం 1.10)

గుంటూరు మాట వచ్చింది కాబట్టి కథోలికుల తరఫున ఒకటి. మేరీ గ్లోరీ. ఆస్ట్రేలియాలో డాక్టరుగా మంచి ప్రాక్టీసు వదిలేసి 1920లో గుంటూరు వచ్చి కన్యస్త్రీ అయింది. అప్పట్లో కన్యస్త్రీ వైద్యం చెయ్యాలంటే రోము నుంచి ప్రత్యేకంగా అనుమతి కావాలి. తెచ్చుకుంది. 1943లో దేశంలోని కథోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసింది ఆవిడే. మఠంలో పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్. మఠంలో చేరితే మాకు పుట్టినపేరే పోతుంది, ఇంకా మీరు నయం :)

పుల్పిట్_పక్క_కుర్చీ (మంగళవారం, సాయంత్రం 5.45)

అమ్మగారి కూతురుగారు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఆ కాఫీ తాగినవాళ్లలో లేను గానీ, అలాంటి కాఫీలు తాగాను. అంతకంటే ఇక్కడ రాయలేను.

కానీ దొరసానుల సంగతి వేరు. వాళ్ల పేరున ఆసుపత్రులున్నాయి, నివేదికలున్నాయి. పల్లెలో పనిచేసిన మన ఆడవాళ్లు వేరు. వాళ్లే వద్దనుకున్నారు. మా అమ్మ కూడా స్త్రీల సమాజం అధ్యక్షురాలు, ఒక్కనాడు మైకు ముందుకి రాలేదు. పిలిచినా రాలేదు.

ఉప్పుగల్లు_పాప (మంగళవారం, సాయంత్రం 6.02)

పిలిచింది మైకు ముందుకా, వంటల దగ్గరికా అంకుల్? నేను బీడీ (పాస్టర్లు చదివే డిగ్రీ) చదువుతున్నాను, మా క్లాసులో సగం మంది అమ్మాయిలం. "త్యాగం" అన్న మాట వింటేనే నాకు భయం. జీతం ఇవ్వకూడదు అనుకున్నప్పుడు వాడే మాట అది. మగవాళ్లు చేస్తే పరిచర్య, ఆడవాళ్లు చేస్తే త్యాగం. సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మహిళా ప్రెస్బిటర్లు, అంటే పాస్టర్లు, 1970ల దాకా లేనే లేరు. నంద్యాలకి పుష్పలలితగారు బిషప్ అయింది 2013 సెప్టెంబరులో. సీఎస్‌ఐ పుట్టింది 1947లో. లెక్క మీరే కట్టుకోండి. మా బాప్టిస్టుల్లో అయితే చెప్పనే వద్దు.

అమ్మగారి కూతురు (మంగళవారం, రాత్రి 8.15)

పాపా, నీ కోపం నాకు తెలుసు, నీ వయసులో నాకూ అంతే ఉండేది. కానీ మా అమ్మని బాధితురాలు అని ఎవరైనా అంటే ఆవిడే ఒప్పుకునేది కాదు. ఆ పని అంటే ఆవిడకి ఇష్టం. ఎవరింట్లో ఏ బిడ్డకి జ్వరమో, ఎవరి కూతురికి సంబంధం తప్పిందో ఆవిడకి తెలిసినట్టు నాన్నకి తెలిసేది కాదు. ఆదివారం నాన్న చేసే ప్రసంగంలో సగం ఉదాహరణలు శనివారం రాత్రి అమ్మ చెప్పినవే. నేను అడిగేది పని తగ్గించమని కాదు. లెక్కలో రాయమని.

కొండకింద ఇల్లు (మంగళవారం, రాత్రి 9.00)

ప్రసంగం మాట అన్నావు కాబట్టి చెప్తున్నా. ఒంగోలు మిషనరీ క్లఫ్ దొర స్వీయచరిత్ర ఉంది కదా, ఒంగోలు మిషను చరిత్ర ఎవరు రాసినా దాన్నుంచే ఎత్తుతారు. మొత్తం "నేను చేశాను, నేను వెళ్లాను" అని నడుస్తుంది. ఆయన 1910లో పోయాడు, పుస్తకం 1914లో వచ్చింది. అట్ట లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆయన కోసం ఆయన భార్య రాసిపెట్టినది అని. ఆవిడ ఎమ్మా రాషెన్‌బుష్, క్లఫ్ రెండో భార్య. పెళ్లికి ముందే మిషనరీగా 1882లో ఇక్కడికొచ్చిన మనిషి. స్విట్జర్లాండులో బెర్న్ విశ్వవిద్యాలయంలో స్త్రీల హక్కుల మీదే పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. మాదిగపల్లెల్లో పెద్దవాళ్లు చెప్పిన కథలు కూర్చుని విని రాసుకున్నదీ ఆవిడే. తొలి మాదిగ క్రైస్తవుల్లో ఒకడైన యెర్రగుంట్ల పేరయ్య భార్య నాగమ్మ గురించి ఈరోజు మనకి నాలుగు ముక్కలు తెలుసంటే, ఇలాంటి మనిషి అడగబట్టి. పేరయ్యతో పాటు 1866లో బాప్తిస్మం తీసుకున్న మనిషి నాగమ్మ. మనవాళ్ల ప్రసంగాల్లో పేరయ్య ఒక్కడే నీళ్లలో దిగుతాడు.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం అని చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా ఇచ్చారని కూడా చెప్తాడు. నేను ఒకసారి సండే స్కూల్లో అడిగాను: ఏట్లోంచి లేచిన అంతమంది ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవాలి కదా, అడ్డంగా చీర పట్టుకుని నిలబడింది ఎవరు? పిల్లలు నవ్వారు. ఒక్క ముసలమ్మ నవ్వలేదు.

మెతుకుసీమ (మంగళవారం, రాత్రి 10.30)

మా దిక్కు గూడ గిట్లనే అన్నా. మెదక్ గుడి అంటె అందరు పాస్నెట్ దొర అంటరు. 1924ల క్రిస్మస్ నాడు తెరిచిండ్రు, కరువుల పనిచ్చి బువ్వ పెట్టిండు అని. నిజమే. ఆయన తోబుట్టువు ఎమిలీ, ఆమెతోని సారా హారిస్ అని ఇంకో సిస్టరు, ఇద్దరు మెదక్ పల్లెలల్ల ఆడోళ్ల మధ్యల పనిచేసిండ్రు. వాళ్ల ముచ్చట ఎవ్వలు తియ్యరు. నిజామాబాద్ దిక్కు డిచ్‌పల్లిల 1915ల కుష్ఠురోగుల దవాఖాన పెట్టింది డాక్టరు ఇసబెల్ కెర్. పైసలిచ్చింది నర్సాగౌడ్ అనే పెద్దమనిషి. ఆయన పేరు మా తాతకు ఎరుకే, డాక్టరమ్మ పేరు ఎరుకలే.

మా అవ్వ గొప్పది ఏంజెయ్యలే. పొద్దుకు రెండుపూటలు బియ్యం ఎసట్ల పోసెటప్పుడు ఒక పిడికెడు తీసి గురిగిల ఏసేది. ఆదివారం గుడికి. ఇంట్ల బియ్యం లేకున్న గూడ ఆ గురిగి ముట్టనిచ్చేది గాదు. మేం ఆకలికి ఏడ్సినా ముట్టనియ్యలే. మా గుడి పునాది ఆ పిడికెడు బియ్యం మీదనే లేసింది, పాస్టరయ్య జీతం గూడ. రశీదు ఎవ్వనికియ్యాలె?

సంచిక_తంటాలు (మంగళవారం, రాత్రి 11.05)

మా ఊళ్లోనూ పిడికెడు బియ్యం ఉందండీ, ఇప్పటికీ. ఆదివారం పొద్దున గుడి వరండాలో స్త్రీల సమాజంవాళ్లు కొలిచి రాసుకుంటారు.

ఈరోజు పెళ్లి రిజిస్టరు చూశాను. సాక్షి సంతకాల్లో ఆడపేర్లు రెండే ఉన్నాయి, రెండూ దొరసానులవి. శ్మశానానికి వెళ్లాను. పాస్టర్లకి సిమెంటు సమాధులున్నాయి. ఆడవాళ్లవి మట్టిదిబ్బలు, కర్రసిలువలు కూడా ఎప్పుడో పోయాయి.

పుల్పిట్_పక్క_కుర్చీ (బుధవారం, ఉదయం 6.10)

రోమా పత్రిక పదహారో అధ్యాయం మళ్లీ చదివాను. పౌలు ఆడవాళ్ల పేర్లు బాగానే రాశాడు. ఫీబే, ప్రిస్కిల్ల, మరియ, త్రుపైనా, త్రుఫోసా, పెర్సిసు, యూనీయ. ప్రయాసపడింది అన్న మాట అందులో నలుగురు ఆడవాళ్లకే వాడాడు, మగవాళ్లెవరికీ వాడలేదు. ఇది నేను నలభై ఏళ్లలో గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ రూఫు తల్లి పేరు రాయలేదు చూశారా? "అతని తల్లి, నాకూ తల్లి" అని ఊరుకున్నాడు. మరి దానికేమంటారు?

అరుగు_కబుర్లు (బుధవారం, ఉదయం 7.40)

అమ్మని పేరు పెట్టి పిలుస్తామా ఏంటి, అన్నారుగా ఆ ఊరి మామ్మలు. పౌలుకీ ఆవిడ పేరు తెలిసే ఉంటుంది. నోరు రాలేదంతే. కానీ చదివే మనకి తెలియకుండా పోయింది.

వలస_కొంగ (బుధవారం, ఉదయం 8.00)

తంటాలు గారూ, చిన్న డౌట్. సంచిక మొత్తం మీరే టైపు చేస్తున్నారు, ఫొటోలు మీరే తెస్తున్నారు, శ్మశానానికి కూడా మీరే వెళ్లారు. సంపాదకులుగా ఎవరి పేరు పడుతోంది?

సంచిక_తంటాలు (బుధవారం, ఉదయం 8.25)

కార్యదర్శిగారిది :)

ఉప్పుగల్లు_పాప (బుధవారం, ఉదయం 8.26)

అయ్యో అక్కా!!!

అమ్మగారి కూతురు (బుధవారం, ఉదయం 10.15)

అది తర్వాత తేలుద్దాం. తంటాలమ్మా, నీకు గిన్నెలు గుర్తు రాలేదా? మనవాళ్లు గుడికి ఏదైనా ఇస్తే పేరు కొట్టించకుండా ఇవ్వరు. కాగితాన్ని చెదలు తింటుంది, ఇత్తడిని తినదు. మా అమ్మ గంగాళం మీద ఇప్పటికీ ఉంది, చుక్కలు చుక్కలుగా, ఇంటి పేరుతో సహా. సంతలో అక్షరానికి ఇంత అని తీసుకుని ఉలితో కొట్టేవాళ్లు. ప్రేమ విందు గిన్నెలు, బేసిన్లు, కూజాలు, పాత సంస్కారపు పళ్లెం, గుడి అటక మీద ఏమున్నా దింపించి అడుగులు చూడు. అంచుల మీద లేకపోతే అడుగున ఉంటుంది. ఊరికే ఇవ్వలేక, చూపించుకోవడం ఇష్టం లేక, కొందరు అడుగునే కొట్టించేవాళ్లు.

కొండకింద ఇల్లు (బుధవారం, ఉదయం 10.40)

ఇది నాకు తట్టలేదు సుమా. ఎన్నేళ్ల టీచరు ఉద్యోగం చేసినా లాభమేముంది.

సంచిక_తంటాలు (ఆదివారం, మధ్యాహ్నం 2.30)

నాలుగు రోజులు కనపడలేదని ఏమీ అనుకోకండి. రాయడానికి చెయ్యి వణుకుతోంది.

అటక మీద గిన్నెలన్నీ దింపించాను. పదకొండు పేర్లు దొరికాయి, అందులో తొమ్మిది మగవాళ్లవి. మిగతా రెండు ఇప్పుడున్న కుటుంబాలవే. ఇక లేదనుకున్నాను.

ఈరోజు పొద్దున కూటం అయ్యాక వరండాలో బియ్యం కొలుస్తున్నారు. ఇత్తడి తవ్వ. నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. చింతపండు పెట్టి పెట్టి పక్కలు నున్నగా అయిపోయాయి. ఎందుకో, ఒక్కసారి ఇలా ఇవ్వండి పిన్నీ అని అడిగి బోర్లించాను. అడుగున నలుపు. గోరుతో గీస్తే చుక్కలు తగిలాయి. సబ్బునీళ్లు, పాత టూత్‌బ్రష్. పేరు, ఇంటి పేరు, కింద "బై. స్త్రీ". అరవై ఏళ్లకి పైగా ప్రతి ఆదివారం మా ఊరి ఆడవాళ్లందరి చేతుల్లోంచీ పోయింది అది. ఆ పేరు మీద అరచెయ్యి ఆనించి కొలిచారు.

ఇంటి పేరు దొరికేసరికి మిగతాది గంటలో తేలిపోయింది. మార్కాపురంలో మనవరాలు ఉంది. ఫోను చేశాను. "మా అమ్మమ్మ తవ్వ ఇంకా ఉందా?" అంది మొదట. అది ఆవిడ ఆఖరి జీతంతో కొన్నదట, సంఘంవాళ్లు కొబ్బరిచిప్పతో కొలుస్తుంటే ఎక్కువ తక్కువలు వచ్చి ఆడవాళ్లు పోట్లాడుకుంటున్నారని! బోధకుడి వితంతువు, ఇద్దరు పిల్లలతో మా ఊరు వచ్చింది. కొండకింద ఇల్లుగారు చెప్పినట్టే.

పేరు ఇక్కడ రాయడం లేదు, మన్నించండి. మనవరాలు ఒక్కటే అడిగింది: ముందు గుళ్లో చదవండి, మేమందరం వచ్చి వింటాం, తర్వాత ఎక్కడైనా పెట్టుకోండి అని.

మెతుకుసీమ (ఆదివారం, మధ్యాహ్నం 2.50)

ఏడిపిచ్చినవ్ గదనే.

ఉప్పుగల్లు_పాప (ఆదివారం, మధ్యాహ్నం 3.05)

ఏ పేజీలో వేస్తున్నారక్కా? "ఇతర సేవకులు" అని చివర్లో మాత్రం వెయ్యకండి ప్లీజ్.

సంచిక_తంటాలు (ఆదివారం, మధ్యాహ్నం 3.20)

పాస్టర్ల జాబితాలోనే, వచ్చిన ఏడాది వరుసలో పెట్టాను. కార్యదర్శిగారు కాసేపు చూసి "పద్నాలుగు పదిహేను అయిందేంటి?" అన్నారు. అవునండీ అన్నాను. పక్కన ఆవిడ ఉన్నారు, ఆయన భార్య. ఆదివారం బియ్యం రాసే పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది. "ఉండనివ్వండి" అంది. ఉంచారు. పాస్టర్ల భార్యల పేర్లు కూడా అడుగుతున్నాను, ఇప్పటికి తొమ్మిది వచ్చాయి. సంపాదకుల దగ్గర ఇంకా మాట్లాడలేదు, అన్నీ ఒక్కరోజే ఎందుకని.

పుల్పిట్_పక్క_కుర్చీ (ఆదివారం, సాయంత్రం 4.30)

ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అన్నది కూడా వెయ్యమ్మా. పాస్టర్లకి వేశావుగా.

సంచిక_తంటాలు (ఆదివారం, సాయంత్రం 4.42)

వేశానండీ. ఇరవై ఏడేళ్లు. మిగతా పద్నాలుగు మందిలో పదేళ్లు దాటినవాళ్లు లేరు.

కొండకింద ఇల్లు (ఆదివారం, సాయంత్రం 5.10)

ఫొటో లేదు కాబట్టి ఆవిడ గడిలో తవ్వ ఫొటో పెట్టు. తీసేటప్పుడు మళ్లీ చింతపండు పెట్టి తోమకు తల్లీ, ఉన్న చుక్కలు కూడా అరిగిపోతాయి. బోర్లించి, గదిలో దీపం ఆర్పి, పక్కనుంచి టార్చి వెయ్యి. నీడలు పడితేనే అక్షరాలు లేస్తాయి.